పురిటి బిడ్డ ముఖంపై పొక్కులు: ఏవి విడిచిపెట్టవచ్చు, ఏవి ఉపేక్షించరాదు

బిడ్డ పుట్టిన మొదటి నెలలో తల్లులు వైద్యుని ముందుంచే సందేహాలలో ముఖంపై వచ్చే పొక్కులది పెద్ద స్థానం. పుట్టిన రెండవనాడో మూడవనాడో నున్నని బుగ్గలపై ఎర్రని మచ్చలు కనబడతాయి. బారసాల నాటికి నుదుటిపై, గడ్డంపై చిన్న చిన్న గుల్లలు లేస్తాయి. చూడవచ్చిన బంధువులలో ఒకరు దిష్టి అంటారు, ఒకరు వేడి చేసిందంటారు, ఇంకొకరు తల్లి తిన్న కూర పడలేదంటారు. ఎవరికి తెలిసిన చిట్కా వారు చెబుతారు. సాయంకాలానికి ఆ పసికందు ముఖంపైకి పసుపు, గంధం, కొబ్బరినూనె, కర్పూరం అన్నీ చేరతాయి.

నాలుగు దశాబ్దాలుగా మురమళ్ళలోనూ, చుట్టుపక్కల లంక గ్రామాలలోనూ పసిపిల్లలకు వైద్యం చేస్తున్నవాడిగా పాఠకులకు మొదటే ఒక మాట మనవి చేస్తాను. పురిటి బిడ్డ ముఖంపై వచ్చే పొక్కులలో అధిక భాగం ఏ మందూ లేకుండా పోయేవే. వాటికి మందు పూయటం వల్లనే చాలాసార్లు అసలు బాధ మొదలవుతుంది. అయితే అదే ముఖంపై, అదే వయసులో, గంటల వ్యవధిలో ప్రాణం మీదికి తెచ్చే పొక్కులు కూడా అరుదుగా వస్తాయి. ఈ రెండింటికీ గల భేదం ప్రతి ఇంటిలో ఒక్కరికైనా తెలిసి ఉండాలి.

శాస్త్రం చూపిన భేదం

ఈ భేదం మన ప్రాచీనులకు బాగా తెలుసు. సుశ్రుతాచార్యుడు నిదానస్థానంలో 44 క్షుద్రరోగాలను వివరించాడు. వాటిలో మొదట చెప్పినది ‘అజగల్లిక’. పిల్లలకు వచ్చేది, చర్మం రంగులోనే ఉండేది, నునుపుగా పెసరగింజంత ఉండేది, నొప్పి లేనిది అని దాని లక్షణాలు. కఫవాతాల వల్ల పుట్టే ఈ పొక్కును ఆయన క్షుద్రరోగాలలో, అంటే స్వల్పమైన వ్యాధులలో చేర్చాడు.

మాధవనిదానంలోని బాలరోగ ప్రకరణంలో మరొక వ్యాధి కనబడుతుంది. దాని పేరు ‘మహాపద్మం’. ఇది శిశువుకు వచ్చే విసర్పం. తామరపువ్వు వలె ఎర్రగా ఉంటుంది, పాకుతుంది, మూడు దోషాలూ కలిసి పుట్టిస్తాయి. దీనిని మాధవకరుడు ప్రాణం తీసే వ్యాధి అని స్పష్టంగా చెప్పాడు. నేటి వైద్యులు శిశువు చర్మంలో వేగంగా వ్యాపించే సూక్ష్మజీవుల వ్యాధిగా వర్ణించే దానికి ఈ వర్ణన చాలా దగ్గరగా ఉన్నది.

ఒకటి నొప్పి లేనిది, ఉన్నచోటనే ఉండేది. రెండవది వేడిగా ఉండేది, పాకేది, బిడ్డను నీరసింపజేసేది. గురుకులంలో మాకు బాలరోగాలు బోధించేటప్పుడు, పొక్కును చూడటానికి ముందు బిడ్డ పాలు తాగటం చూడమనేవారు. మాటరాని శిశువు తన వేదనను ఏ చేష్టల ద్వారా తెలుపుతుందో చెప్పటానికి కాశ్యపసంహితలో ‘వేదనాధ్యాయం’ అని ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉన్నది. ఆకలికి లేచి, గట్టిగా ఏడ్చి, రొమ్ము పట్టి, తాగి, నిద్రపోయే బిడ్డ ముఖంపై పొక్కులు ఎన్ని ఉన్నా సామాన్యంగా భయపడనవసరం లేదు.

పసి చర్మం స్వభావం

శిశువు చర్మం పెద్దల చర్మం కంటే పలుచన. దానిపైన ఉండే రక్షకపొర ఇంకా గట్టిపడి ఉండదు. పెద్దల చర్మంపై సహజంగా ఉండే స్వల్ప ఆమ్లగుణం సూక్ష్మజీవులను అదుపులో ఉంచుతుంది. పుట్టిన బిడ్డకు ఆ గుణం కొన్ని వారాలలో క్రమంగా ఏర్పడుతుంది. క్షారం ఎక్కువగా ఉండే సబ్బులు దానికి అడ్డు తగులుతాయి.

ఇంకొక విషయం. శరీరపు బరువుతో పోల్చి చూస్తే శిశువు చర్మపు వైశాల్యం పెద్దవారి కంటే సుమారు రెండున్నర రెట్లు ఎక్కువ. కనుక పైన పూసినది లోపలికి ఇంకే పాలు కూడా ఎక్కువే. పెద్దవారికి పైపూతగా పనికివచ్చే మందు పసికందుకు లోపలికి ఇచ్చిన మందుతో సమానమవుతుంది. చరకాచార్యుడు శారీరస్థానంలో శిశువులకు చేసే చికిత్స మృదువుగా, లఘువుగా, శీతలంగా ఉండాలని, పిల్లలకు అటువంటివే సాత్మ్యమని చెప్పటంలోని అంతరార్థం ఇదే.

భయపడనవసరం లేనివి

తెల్లని చుక్కలు: పుట్టినప్పుడే ముక్కుపై, బుగ్గలపై గసగసాల వంటి తెల్లని చుక్కలు ఉంటాయి. సుమారు సగం మంది శిశువులలో ఇవి కనబడతాయి. చర్మరంధ్రాలలో చిక్కుకున్న పొరల పదార్థమే ఇది. చీము కాదు, పాలు కాదు. కొన్ని వారాలలో వాటంతట అవే రాలిపోతాయి. గోటితో గిల్లితే పుండు పడుతుంది.

ఎర్రని మచ్చలు: నెలలు నిండి పుట్టిన బిడ్డలలో దాదాపు సగం మందికి రెండవ, మూడవ రోజుల్లో ముఖంపై, ఛాతీపై దోమ కుట్టినట్లు ఎర్రని మచ్చలు వస్తాయి. మధ్యలో చిన్న పసుపుపచ్చని చుక్క ఉండవచ్చు. పొద్దున బుగ్గపై ఉన్నది మధ్యాహ్నానికి మాయమై పొట్టపై కనబడుతుంది. అరచేతులు, అరికాళ్ళపై రాకపోవటం దీని గుర్తు. ఒకటి రెండు వారాలలో పోతుంది.

మొటిమల వంటివి: రెండవ వారం నుండి నాల్గవ వారం లోపల బుగ్గలపై, నుదుటిపై వయసు పిల్లల మొటిమల వలె ఎర్రని గుల్లలు లేస్తాయి. గర్భంలో ఉండగా తల్లి నుండి అందిన హార్మోనుల ప్రభావం, చర్మంపై సహజంగా పెరిగే ఒక జాతి శిలీంధ్రం దీనికి కారణాలుగా నేటి వైద్యశాస్త్రం చెబుతున్నది. మూడు నాలుగు నెలలలో మచ్చ మిగలకుండా పోతుంది. ఆ హార్మోనుల వల్లనే కొందరు శిశువులకు, ఆడపిల్లకైనా మగపిల్లవాడికైనా, రొమ్ములు కొద్దిగా ఉబ్బుతాయి. నీళ్ళు పోసేవారు వాటిని పిండటం ఒక దురాచారం. అలా పిండితే గడ్డ కట్టి చీము పడుతుంది.

చెమట పొక్కులు: ఉక్కపోతలో స్వేదరంధ్రాలు మూసుకొనిపోయి నుదుటిపై, మెడ మడతలలో, తల వెనుక సన్నని నీటిబుడగలు గాని, ఎర్రని పొక్కులు గాని వస్తాయి. ఒళ్ళు పేలిందని మనం అనేది ఇదే. చల్లబరిస్తే ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది.

జిడ్డు పొలుసులు: మూడవ వారం తరువాత మాడుపై, కనుబొమలలో, చెవుల వెనుక పసుపురంగు జిడ్డు పొలుసులు కడతాయి. దురద ఉండదు. కొన్ని నెలలలో పోతుంది.

నోటి చుట్టూ ఎరుపు: చొంగ, కక్కిన పాలు ఆరి గడ్డంపై, బుగ్గలపై చర్మం ఒరుస్తుంది. మెత్తని తడిగుడ్డతో అద్ది ఆరనిస్తే చాలు.

కోనసీమ వాతావరణం, పురిటిగది

మన ప్రాంతంలో వీటన్నిటిలో ఎక్కువగా కనబడేది చెమట పొక్కు. మురమళ్ళ వృద్ధగౌతమి పాయ చెంత ఉన్నది. సముద్రం కూడా దూరం కాదు. చుట్టూ కొబ్బరితోటలు, కాలువలు. గాలిలో తేమ ఎప్పుడూ అధికమే. వైశాఖ జ్యేష్ఠాలలో ఒంటిమీది చెమట ఆరనే ఆరదు. ఇటువంటి చోట పురిటిగది తలుపులు, కిటికీలు మూసి, మంచం కింద కుంపటి పెట్టి, బిడ్డను రెండు మూడు పొత్తిళ్ళలో చుట్టి, తలకు గుడ్డ కట్టి, పైగా ఒళ్ళంతా నూనె పట్టిస్తే ఆ పసికందు స్వేదరంధ్రాలు మూసుకొనిపోవటం సహజమే.

బాలింతకు గాలి తగలరాదన్న నియమం వాతప్రకోపాన్ని దృష్టిలో ఉంచుకొని పెద్దలు పెట్టినది. మార్గశిర పుష్యాల తెల్లవారు జామున దానికి అర్థం ఉన్నది. మే నెల మధ్యాహ్నం అదే నియమాన్ని పాటించటం ఋతుచర్యకే విరుద్ధం. ఎండాకాలంలో బిడ్డకు ఒక్క పలుచని నూలుచొక్కా చాలు. ఫంకా గాలి నేరుగా ముఖంపై పడకుండా గదిలో ఆడనివ్వవచ్చు. కిటికీకి వట్టివేళ్ళ తడిక కట్టి నీళ్ళు చిలకరిస్తే గది చల్లబడుతుంది. అయితే నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు, బరువు తక్కువగా ఉన్న బిడ్డకు చలి తగిలితే ప్రమాదం. వారి విషయంలో వైద్యులు చెప్పిన ప్రకారమే నడుచుకోవాలి. బిడ్డ మెడ వెనుక చేయి పెట్టి చూడండి. చెమటగా ఉంటే ఒక గుడ్డ తీయాలి, చల్లగా ఉంటే ఒక గుడ్డ కప్పాలి.

ముఖంపై పూయకూడనివి

నలుగుపిండి: సుశ్రుతాచార్యుడు పుట్టిన శిశువుకు బలాతైలంతో అభ్యంగనం చేసి, పాలుగల చెట్ల కషాయంతో గాని, సుగంధద్రవ్యాల నీటితో గాని స్నానం చేయించమన్నాడు. ఆ వరుసలో పిండితో రుద్దే మాట లేదు. పెసరపిండి, శనగపిండి పెట్టి నూగు పోవాలని రుద్దితే పసి చర్మంపై కంటికి కనబడని గాట్లు పడతాయి. సూక్ష్మజీవులకు అవే ద్వారాలు. నూగు దానంతట అదే రాలిపోతుంది.

పసుపు: పసుపు గొప్ప ఔషధమే. కాని పురిటి బిడ్డ ముఖానికి పూయకూడదనటానికి బలమైన కారణం ఒకటి ఉన్నది. శిశువుకు కామెర్లు వచ్చినప్పుడు పచ్చదనం మొదట కనబడేది ముఖంపైనే. పసుపు పూసిన ముఖంపై దానిని గుర్తించటం అసాధ్యం. కామెర్లు ముదిరితే మెదడు దెబ్బతింటుంది.

కర్పూరం: కొబ్బరినూనెలో కర్పూరం కరగించి రాయటం మన ఇళ్ళలో సాధారణం. పసిపిల్లలకు అది విషతుల్యం. చర్మం ద్వారా, శ్వాస ద్వారా లోపలికి పోయి మూర్ఛలు తెప్పించగలదు. పాత చీరలను పొత్తిళ్ళుగా వాడేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. పెట్టెలో కలరా ఉండలతో దాచిన గుడ్డలను అలాగే వాడితే, కొందరు శిశువులలో ఆ వాసనకే రక్తకణాలు చిట్లి కామెర్లు పెరుగుతాయి. వాటిని ఉతికి, రెండు మూడు ఎండలు తగలనిచ్చి, వాసన పూర్తిగా పోయిన తరువాతనే వాడాలి.

వేపనూనె: పసిపిల్లల నోటిలోకి పోతే ప్రాణాపాయం. ముఖానికి రాసినది నోటిలోకి పోవటానికి ఎంతోసేపు పట్టదు.

పౌడరు: ముఖంపై చల్లిన పౌడరు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చెమటతో కలిసి మడతలలో ముద్దకట్టి ఒరిపిడి పెంచుతుంది. బోరిక్ పౌడరు మరింత ప్రమాదకరం. అది ఒంట్లోకి ఇంకి శిశువులు మరణించిన సంఘటనలు వైద్యగ్రంథాలలో నమోదై ఉన్నాయి.

మందుల షాపు ట్యూబులు: ఎవరికో తామరకు ఇచ్చిన ట్యూబును బిడ్డ బుగ్గకు రాయటం ఈనాడు కొత్తగా వచ్చిన అలవాటు. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజుల్లో ఎరుపు తగ్గినట్లు కనబడుతుంది. ఆపగానే రెట్టింపుగా తిరిగి వస్తుంది. చర్మం పలుచబడుతుంది. వైద్యుడు ఆ బిడ్డకే, ఆ వ్యాధికే వ్రాసి ఇస్తే తప్ప వాడరాదు.

కాటుక, కుంకుమ: బజారు కాటుకలలో సీసం ఉండటం పరీక్షలలో అనేక పర్యాయాలు బయటపడింది. అది బిడ్డ మెదడుకు హాని చేస్తుంది. కుంకుమలో నేడు కలిపే కృత్రిమ రంగులు పసి నుదుటిని పొక్కిస్తాయి. మా ఊరిలో శ్రీ భద్రకాళీ సమేత వీరేశ్వరస్వామివారికి నిత్యకల్యాణం జరుగుతుంది. దర్శనానికి పసిబిడ్డను తెచ్చే తల్లిదండ్రులకు నేను చెప్పేది, స్వామి కుంకుమను తల్లి నుదుట ధరించి, పొట్లాన్ని ఉయ్యాల చెంత ఉంచుకొమ్మని. దిష్టిచుక్క తప్పదనుకుంటే బిడ్డ ముఖంపై కాక చొక్కా అంచున పెట్టవచ్చు.

సాంబ్రాణి పొగ విషయం

స్నానం కాగానే బిడ్డను సాంబ్రాణి పొగపై పట్టటం మన ఆచారం. చరకసంహితలో గుగ్గులు, వస, ఆవాలు మొదలైన వాటితో ధూపం వేయమని ఉన్న మాట నిజమే. కాని ఆ ధూపం దేనికి అన్నది శ్రద్ధగా చదవాలి. శిశువు వస్త్రాలకు, పక్కకు, కప్పే గుడ్డలకు ధూపం వేయమని చరకుడు చెప్పాడు. ఆ గుడ్డలు మెత్తగా, తేలికగా, శుభ్రంగా, పరిమళంగా ఉండాలని, చెమట, మలమూత్రాలు అంటినవాటిని విడిచిపెట్టాలని, వేరే గుడ్డలు లేకపోతే వాటినే బాగా ఉతికి, ధూపం వేసి, బాగా ఆరినవి వాడాలని కూడా చెప్పాడు. పొగను బిడ్డ ముక్కుకు పట్టించటం వల్ల దగ్గు, ఆయాసం వస్తాయి. కళ్ళు, బుగ్గలు ఎర్రబడతాయి. బిడ్డ లేనప్పుడు గదిలో గుడ్డలకు ధూపం వేసి, పొగ పూర్తిగా పోయిన తరువాత బిడ్డను తీసుకొనిరావటం శాస్త్రసమ్మతం.

తల్లిని పస్తు పెట్టవద్దు

బిడ్డ ముఖంపై పొక్కు కనబడగానే ఇంటిలో మొదట తప్పుపట్టేది బాలింతను. పప్పు తిన్నందువల్లనే, వంకాయ తిన్నందువల్లనే అంటూ ఆమెను వెల్లుల్లి కారప్పొడి అన్నానికి పరిమితం చేస్తారు. కొందరు పాలు మాన్పించి డబ్బాపాలు పట్టిస్తారు.

ఆయుర్వేదంలో స్తన్యదుష్టి అనే సిద్ధాంతం ఉన్న మాట నిజం. దోషదుష్టమైన పాలు బిడ్డకు వ్యాధి కలిగిస్తాయని ఆచార్యులు చెప్పారు. అయితే స్తన్యదుష్టిని పాల రంగు, రుచి, వాసన, నీటిలో వేసినప్పుడు కలిసే తీరు పరీక్షించి నిర్ణయించమన్నారు. బిడ్డ బుగ్గపై చుక్క కనబడినంత మాత్రాన తల్లి పాలు చెడ్డవని ఏ ఆచార్యుడూ చెప్పలేదు. పైన చెప్పిన ఆరు రకాల పొక్కులలో ఏ ఒక్కటీ తల్లి తిండివల్ల వచ్చేది కాదు. తల్లికి అన్నం, పప్పు, ఆకుకూరలు, బీరకాయ, ఆనపకాయ, పాలు, నెయ్యి, అలవాటు ఉన్నవారికి చేపలు, గుడ్లు సమృద్ధిగా పెట్టాలి. పుష్టిలేని తల్లి నీరసిస్తుంది. వ్యాధులను ఎదిరించే శక్తి బిడ్డకు తల్లిపాల ద్వారానే అందుతున్నది. ఆ పాలు మాన్పించటం కంటే పెద్ద అపకారం లేదు.

చేయవలసినవి

పుట్టిన బిడ్డకు మొదటి స్నానం కనీసం 24 గంటలు గడిచిన తరువాతనే చేయించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. ఆ తరువాత కూడా కాచి గోరువెచ్చగా చల్లార్చిన నీరు చాలు. నీటివేడిని మోచేతితో చూడాలి. సలసలకాగే నీటిని కాళ్ళపై పడుకోబెట్టిన బిడ్డ ముఖంపై కుమ్మరించే పద్ధతి మానాలి. స్నానం అయిదు నిమిషాలకు మించనవసరం లేదు. ముఖాన్ని మెత్తని నూలుగుడ్డతో అద్ది తుడవాలి, రుద్దకూడదు.

కొబ్బరినూనె మనకు పెరటి సంపద. దానిని ఎక్కడ వాడాలో తెలుసుకొని వాడితే మేలు. స్నానానికి ముందు ఒంటికి పలుచగా పట్టించి, స్నానంలో పోనివ్వవచ్చు. ఆవనూనె పనికిరాదు, అది పసి చర్మపు రక్షకపొరను దెబ్బతీస్తుంది. జిడ్డు పొలుసులకు స్నానానికి పావుగంట ముందు మాడుపై రెండు చుక్కల కొబ్బరినూనె అద్ది, మెత్తబడిన పొలుసును గుడ్డతో తుడిచి, తలస్నానం చేయించాలి. నూనె అలాగే నిలవ ఉంటే పొలుసులు పెరుగుతాయి. నోటి చుట్టూ ఒరిసిన చోట తడి ఆరిన తరువాత పలుచని పొరగా రాయవచ్చు. మొటిమల వంటి గుల్లలపైన, చెమట పొక్కులపైన మాత్రం ఏ నూనే రాయకూడదు. ముక్కులో, చెవిలో నూనె పోయటం ఏ పరిస్థితిలోనూ తగదు. అది ఊపిరితిత్తులలో చేరి జబ్బు చేస్తుంది.

బిడ్డ గోళ్ళు పెరగనివ్వకండి. పొత్తిళ్ళను సబ్బు పూర్తిగా పోయేటట్లు జాడించి ఎండలో ఆరవేయండి. బిడ్డను తాకేముందు ప్రతి ఒక్కరూ చేతులు కడుక్కోవాలి. పెదవిపై నీటిపొక్కులు ఉన్నవారు బిడ్డను ముద్దాడరాదు. దగ్గర బంధువైనా మొహమాటపడవద్దు. పెద్దవారికి నాలుగు రోజుల్లో మానిపోయే ఆ పొక్కు పురిటి బిడ్డకు సోకితే మెదడు వరకు పాకగలదు.

ఒక్క పూట కూడా ఆగకూడని లక్షణాలు

నీరు నిండిన పొక్కులు గుంపుగా రావటం. తేనెరంగు పొరకట్టే పుండ్లు, చీముగుల్లలు వ్యాపించటం. కాలినట్లు చర్మం ఊడటం. ఎరుపు వేడిగా ఉండి గంటగంటకూ పాకటం. వేలితో నొక్కి వదిలినా తెల్లబడని ఎర్రని లేక ఊదారంగు చుక్కలు. కనురెప్పలు వాచి చీము కారటం. బొడ్డు చుట్టూ ఎర్రబడటం. పొక్కులు ఉన్నా లేకపోయినా జ్వరం 38 డిగ్రీలు, అంటే ఫారన్‌హీట్‌లో 100.4 దాటటం, ఒళ్ళు చల్లబడటం, పాలు తాగకపోవటం, లేపినా లేవకపోవటం, మూలగటం, ఎగశ్వాస, మొదటి 24 గంటలలోనే పచ్చబడటం, లేక పచ్చదనం అరచేతులకు, అరికాళ్ళకు చేరటం. వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఆ బిడ్డకు ఇంటివైద్యం లేదు, నా వంటి వైద్యుని చూర్ణమూ లేదు. ఆసుపత్రికి తీసుకొనిపోవటమే చికిత్స.

మన పల్లెలలో నీటిపొక్కు కనబడగానే ‘అమ్మవారు’ అని వేపమండలు కట్టి ఇంటిలోనే ఉంచుతారు. ‘సర్పి’ అని పసరు పూస్తారు. నెల లోపు బిడ్డ విషయంలో ఇది ప్రాణాంతకం. కొన్నేళ్ళ క్రితం ఒక లంక గ్రామం నుండి పన్నెండు రోజుల బిడ్డను సర్పికి మందు ఇమ్మని నా వద్దకు తెచ్చారు. ముఖమంతా పసుపు, ఆకుపసరు. తడిగుడ్డతో తుడిస్తే కంటి కింద నీటిపొక్కులు గుత్తిగా ఉన్నాయి. తెల్లవారినప్పటి నుండి పాలు తాగలేదన్నారు. పొక్కులు మొదలై అప్పటికే రెండు రాత్రులు గడిచాయి. నేను ఏ మందూ పూయలేదు. వెంటనే 108 వాహనం పిలిపించి, బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి కప్పి, అమలాపురం పంపాను. అక్కడ పిల్లల వైద్యులు మూడు వారాలు సూదిమందు ఇచ్చారు. బిడ్డ దక్కాడు, ఇప్పుడు బడికి పోతున్నాడు. ఇంకొక రాత్రి ఆగి ఉంటే దక్కేవాడు కాదని అక్కడి వైద్యులు తండ్రితో చెప్పారట.

అంత తొందర లేకపోయినా ఒకటి రెండు రోజులలో వైద్యునికి చూపవలసినవి కొన్ని కలవు. అరచేతులపై, అరికాళ్ళపై పొక్కులు. ఇంటిలో ఎవరికైనా గజ్జి ఉండి బిడ్డకూ పొక్కులు రావటం. రెండవ నెల తరువాత బుగ్గలు ఎండి, పగిలి, బిడ్డ ముఖాన్ని పక్కకు రాసుకోవటం. ఈ చివరిది దీర్ఘకాలం ఉండే చర్మవ్యాధికి ఆరంభం కావచ్చు. దానికి చికిత్స వేరు.

సహాయం ఎక్కడ దొరుకుతుంది

ప్రభుత్వ పథకం ప్రకారం ఆశా కార్యకర్త పురుడు జరిగిన 3, 7, 14, 21, 28, 42వ రోజులలో ఇంటికి వచ్చి బిడ్డను చూడవలసి ఉన్నది. ఆమె వచ్చినప్పుడు గుడ్డలు విప్పి బిడ్డను పూర్తిగా చూపించండి, పసుపు పూసిన ముఖాన్ని కాదు, కడిగిన ముఖాన్ని. ఆమె వద్ద ఉన్న జ్వరమానితో చూడమని అడగండి. జబ్బుపడిన శిశువుకు ప్రభుత్వ ఆసుపత్రులలో వైద్యం, ప్రయాణం ఉచితం. ఎదుర్లంక–యానాం వారధి లేని రోజుల్లో రాత్రివేళ కాకినాడ పోవాలంటే గోదావరి ఒడ్డున పడవ కోసం ఎదురుచూడవలసి వచ్చేది. ఈనాడు ఆ ఇబ్బంది లేదు. ఇంటిలోని సంశయమే ఇప్పుడు ఎక్కువ ఆలస్యం చేస్తున్నది.

ప్రయాణంలో బిడ్డను తల్లి ఛాతీకి ఆనించి వెచ్చగా ఉంచాలి. తాగగలిగితే పాలు పట్టిస్తూ ఉండాలి. పొక్కులు చిదపకూడదు. దారిలో ఎవరు ఏమి పూయమన్నా పూయకూడదు. ఇంతకు ముందు ఏమేమి పూశారో దాచకుండా వైద్యునికి చెప్పాలి.

పురిటింటి పెద్దలకు చివరగా ఒక పద్ధతి చెబుతాను. ఉదయం స్నానం కాగానే వెలుతురులో బిడ్డ ముఖం చూడండి. నిన్నటి కంటే పొక్కులు పాకాయా, నీరు పట్టాయా, ముఖం పచ్చబడిందా అని గమనించండి. రాత్రి నుండి ఎన్నిసార్లు పాలు తాగిందో, ఎన్నిసార్లు మూత్రం పోసిందో తల్లిని అడగండి. జవాబు బాగుంటే బిడ్డ బుగ్గలను వాటి మానాన విడిచిపెట్టండి. బాగుండకపోతే ఇంటిలో చర్చలు పెట్టుకోక బయలుదేరండి.